రెండింతల కిరాయి

"నాగపూరు పోయి రావాలంటే ఎంత పెట్టుకోవాలె సారూ?"

దసరా దగ్గర పడుతున్నదంటే వాడల్లో మమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న ఇది. దీక్షాభూమిలో ఏం జరుగుతుంది, ఏ పుస్తకాలు దొరుకుతాయి, రాత్రి ఎక్కడ పడుకుంటాం అన్నవి తర్వాతి సంగతులు. ముందు ఛార్జీ. ఒకప్పుడు ఈ ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు చెప్పేవాళ్ళం. ఇప్పుడు చెప్పలేకపోతున్నాం. ఒకే బండి, ఒకే పెట్టె, పక్కపక్కనే రెండు బెర్తులు. ఒకాయన టికెట్టుకు ఒక ధర, పక్కాయన టికెట్టుకు ఇంకో ధర. ఎంత దూరం పోతున్నావన్నది ఒక్కటే కాదు ఇప్పుడు లెక్క. ఎన్ని రోజుల ముందు కొన్నావు, ఎట్లా కొన్నావు, ఎవరిచేత కొనిపించావు అన్నవి కూడా లెక్కే.

దళిత ఉద్యమ పత్రికకు రైలు టికెట్ల గొడవ ఎందుకని కొందరు మిత్రులు అడగొచ్చు. దాడుల గురించి, భూమి గురించి, రిజర్వేషన్ల గురించి రాయాల్సిన చోట ఇదేమిటి అనొచ్చు. మేమనేది ఇది: కదలలేని జనం పోరాడలేరు. పల్లె దాటలేనివాణ్ణి పల్లెలోనే తొక్కిపెట్టడం సులువు. పాలమూరు నుంచి బొంబాయికి, చిత్తూరు నుంచి కోలారు గనులకు మన పెద్దలు పోయినప్పుడే, దొర పెట్టే గింజలు కాకుండా వేరే తిండి ఉందని వాళ్ళకు తెలిసింది. అక్కడినుంచే చదువు, సంఘం, తలెత్తే ధైర్యం వాడలకు తిరిగొచ్చాయి. రైలు మనకు విహారం కాదు. ఊరి కట్టడి నుంచి బయటపడే దారి. ఆ దారికి ఎవరెంత సుంకం కట్టాలన్నది ఉద్యమం ప్రశ్నే.

ముందు మా అనుభవం చెప్తాం. 2025 దసరాకు పాత కరీంనగర్ జిల్లాలోని ఒక మాదిగవాడ నుంచి పదిహేడు మంది నాగపూరు బయలుదేరారు. మేమూ వాళ్ళతో ఉన్నాం. ఎక్కువమంది కూలీలు. కోతల పైసలు చేతికొచ్చాక, అంటే ఇరవై రోజుల ముందు మాత్రమే, స్టేషను కౌంటరులో స్లీపరు టికెట్లు తీశాం. అన్నీ వెయిటింగు లిస్టు. 'ఖాళీ అయితయిలే' అని వరసలో ఎవరో అంటే నమ్మాం. బండి వచ్చే నాటికి ఒక్కటీ ఖాయం కాలేదు. వెయిటింగు టికెట్టుతో రిజర్వేషను పెట్టె ఎక్కరాదని, బండి కదలడానికి కనీసం అరగంట ముందు రద్దు చేయించుకుంటేనే డబ్బు తిరిగొస్తుందని మాలో ఎవరికీ తెలియదు. పిల్లలకు పాఠాలు చెప్పే మాకూ తెలియదు. ఎక్కాం. బల్లార్షా రాకముందే టికెట్లు చూసేవాడు వచ్చాడు. జనరల్‌కు పోండి, లేకపోతే జరిమానా కట్టండి అన్నాడు. రాత్రి పూట పిల్లలతో, మూటలతో పోయి చూస్తే జనరల్ పెట్టె తలుపులో కాలు పెట్టే సందు లేదు. పిల్లల తల్లులకూ ముసలివాళ్ళకూ, ఆరుగురికి, మనిషికి 250 రూపాయల జరిమానా, దాని మీద మళ్ళీ ఛార్జీ కట్టాం. మిగిలినవాళ్ళం జనరల్‌లో లెట్రిన్ పక్కన నిలబడి పోయాం. మేం కట్టిన డబ్బు చూసి డెబ్బై ఏళ్ళ అవ్వ ఒకామె సీటు మీద కూర్చోనని లేచి వచ్చింది. "బాబాసాహెబు కాడికి పోతన్నం గద బిడ్డా, గిట్ల కింద కూసోనన్న పోదాం తియ్యి" అన్నది.

ఆ అవ్వ ఓర్పును మేము మెచ్చుకోదల్చుకోలేదు. మన ఓర్పును చూసుకునే జనరల్ పెట్టెలు తగ్గించారు. ఒకే ప్రయాణానికి ఆ రాత్రి రెండుసార్లు కిరాయి కట్టాం. అప్పుడు మాకు గుర్తొచ్చింది మసూరు స్టేషను.

1901లో జరిగిన సంగతి. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో అంబేడ్కర్ స్వయంగా రాసుకున్నారు. తండ్రి గోరెగావ్‌లో, కరువు పనుల కింద చెరువు తవ్విస్తున్న చోట క్యాషియరు. సెలవులకు తన దగ్గరికి రమ్మన్నాడు. తొమ్మిదేళ్ళ భీమ్‌రావు, అన్నతోను, అక్క సంతానంతోను కలిసి సతారా నుంచి బయలుదేరాడు. ఆ పిల్లలు చేయని ఏర్పాటు లేదు. ఫలానా రోజు వస్తున్నామని తండ్రికి ఉత్తరం రాశారు. కొత్త బట్టలు వేసుకున్నారు. టికెట్టు కొని రైలెక్కారు. మసూరులో దిగారు. ఉత్తరం తండ్రి చేతికి అందలేదు గనక ఎవరూ రాలేదు. స్టేషను మాస్టరు వచ్చి మీరెవరని అడిగాడు. మహర్లమని చెప్పగానే అతని ముఖం మారిపోయింది. బండి వాళ్ళెవ్వరూ ఎక్కించుకోమన్నారు. చివరికి కుదిరిన బేరం ఏమిటంటే, పిల్లలు రెండింతల కిరాయి కట్టాలి, ఎడ్లను వాళ్ళే తోలుకోవాలి, బండివాడు మైలపడకుండా పక్కన నడిచి వస్తాడు. దారిలో తాగడానికి నీళ్ళు కూడా పుట్టలేదు.

ఇప్పుడు కౌంటరులో ఎవ్వరూ కులం అడగరు. కంప్యూటరుకు కులం లేదంటారు. నిజమే. కానీ అది వేరే నాలుగు ప్రశ్నలు అడుగుతుంది. రెండు నెలల తర్వాత నువ్వు ఏ రోజు ఎక్కడుంటావో నీకు తెలుసా? ఆ రోజు టికెట్టుకు డబ్బు ఇవ్వాళే నీ దగ్గరుందా? చేతిలో మంచి ఫోను, దానికి బ్యాంకు ఖాతా ఉన్నాయా? గడియారం ఎనిమిది కొట్టేసరికి పని మానుకుని కూర్చోగలవా? ఈ నాలుగింటికీ 'అవు'ననేవాళ్ళు ఏ వీధుల్లో ఉంటారో, 'కాదు'అనేవాళ్ళు ఏ వాడల్లో ఉంటారో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆనాడు కులం అడిగి రెండింతలు తీసుకున్నారు. ఈనాడు అడక్కుండానే తీసుకుంటున్నారు.

లెక్కలు చూద్దాం. రిజర్వేషను టికెట్లు ప్రయాణానికి 60 రోజుల ముందు ఉదయం 8 గంటలకు తెరుస్తారు. 2024 నవంబరు 1కి ముందు అది 120 రోజులు. పండగ బండ్లు తెరిచిన కొద్ది నిమిషాలకే నిండిపోతాయి. తర్వాత మిగిలేది తత్కాల్. 1997లో మొదలైన ఈ పద్ధతిలో ప్రయాణానికి ముందు రోజు, ఏసీకి ఉదయం 10కి, నాన్ ఏసీకి 11కి అమ్ముతారు. స్లీపరుకు అసలు ఛార్జీలో 30 శాతం అదనం. కనీసం 100 రూపాయలు, మించితే 200. ఈ 'కనీసం 100'లోనే కిటుకు ఉంది. దగ్గరి ఊరికి, తక్కువ ఛార్జీకి పోయేవాడి మీద ఆ వంద 30 శాతం కంటే ఎక్కువ బరువు పడుతుంది. తత్కాల్‌లో ఏ రాయితీ చెల్లదు. ఖాయమైన తత్కాల్ టికెట్టు రద్దు చేసుకుంటే పైసా తిరిగి రాదు. 2025 జులై నుంచి ఆన్‌లైన్లో తత్కాల్ కొనాలంటే ఖాతాకు ఆధార్ ముడిపెట్టి ఉండాలి. దళారులను ఆపడానికి అన్నారు. దళారి ఆగితే మంచిదే. కానీ ఖాతా లేనివాడు, ఉన్నా ఆధార్‌కు పాత నంబరు ఇచ్చినవాడు మళ్ళీ ఇంకొకరి కాళ్ళావేళ్ళా పడాల్సిందే గదా?

పండగకు ప్రత్యేక రైళ్ళు వేస్తున్నామని పత్రికల్లో పెద్ద అక్షరాలతో వేస్తారు. వాటిలో చాలావాటికి ప్రత్యేక ఛార్జీ ఉంటుందన్న సంగతి చిన్న అక్షరాల్లో కూడా కనిపించదు. అవసరం ఎక్కువైన రోజునే ధర పెంచడాన్ని మన పల్లెల్లో వడ్డీ వ్యాపారి పని అంటారు. 2016 సెప్టెంబరులో రాజధాని, శతాబ్ది, దురంతో బండ్లలో పది శాతం సీట్లు అమ్ముడైనప్పుడల్లా ధర పెరిగే పద్ధతి తెచ్చారు. ఆ బండ్లు మనవి కావులే అనుకున్నాం. కానీ మన బండ్లకూ ఆ గాలి తగిలింది. కరోనా కాలంలో ఆపిన పాసింజరు బండ్లను తిరిగి తిప్పినప్పుడు 'స్పెషల్' అని పేరు పెట్టి, కనీస ఛార్జీని 10 రూపాయల నుంచి 30 చేశారు. పక్క మండలానికి కూలికి పోయే ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి ఆ ముప్పై కట్టారు. 2024 ఫిబ్రవరిలో గానీ మళ్ళీ పదికి రాలేదు. 60 దాటిన మగవాళ్ళకు 40 శాతం, 58 దాటిన ఆడవాళ్ళకు 50 శాతం ఉన్న రాయితీని 2020 మార్చిలో ఆపారు. కరోనా పోయింది, రాయితీ మాత్రం తిరిగి రాలేదు. జనరల్‌లో కింద కూర్చున్న మా అవ్వకు అది ఉండి ఉంటే సగం ధరకే వెళ్ళేది.

ఇదంతా ఎప్పుడూ ఇట్లాగే ఉన్నదా? లేదు. 1974లో మూడో తరగతి పేరు తీసేశారు. 1977లో రైల్వే మంత్రి అయిన మధు దండవతే రెండో తరగతి చెక్కబల్లల మీద మెత్తలు వేయించాడు. అదే ఏడాది చివర్లో బొంబాయి, హౌరా మధ్య నాగపూరు మీదుగా గీతాంజలి ఎక్స్‌ప్రెస్‌ను తరగతులు లేని బండిగా నడిపారు. ఆ బండికీ తర్వాత ఏసీ పెట్టెలు తగిలించారు. గాంధీ మూడో తరగతిలో ప్రయాణించాడని బడిలో ఏటా పాఠం చెప్తున్నాం. మన తాతలు మూడో తరగతి తప్ప ఇంకోటి ఎరగరు. వాళ్ళ మీద పాఠం లేదు. పైన ఉన్నవాడు కిందికి దిగి కూర్చుంటే త్యాగం. కింద ఉన్నవాడు కిందే కూర్చుంటే మామూలు సంగతి! 2017 నుంచి రైల్వే బడ్జెట్టును సాధారణ బడ్జెట్టులో కలిపేశారు. ఛార్జీల మీద ఏడాదికొక్కసారన్నా దేశమంతా మాట్లాడుకునే రోజు కూడా లేకుండా పోయింది.

2024 సెప్టెంబరులో సికింద్రాబాదు నుంచి నాగపూరుకు వందే భారత్ వచ్చింది. మనవాళ్ళు కొందరు సంబరపడ్డారు. ఆ బండిలో స్లీపరు లేదు, జనరల్ లేదు, ఏ రాయితీ చెల్లదు. నాగపూరు సుమారు 575 కిలోమీటర్లు దగ్గరైంది ఎవరికి? సాధారణ బండ్లలో జనం తలుపులకు వేలాడుతున్న దారి అది. అమృత్ భారత్ పేరుతో 2023 చివర ఏసీ లేని కొత్త బండ్లు మొదలుపెట్టారు. 2024లో పదివేల నాన్ ఏసీ పెట్టెలు చేస్తామన్నారు. మంచిదే, ఆహ్వానిస్తాం. అయితే అవి మన దారిలో, మన బండ్లకు ఎన్ని తగిలించారో లెక్క అడుగుతాం. జనరల్ పెట్టెను దానం అనుకునేవాళ్ళకు ఒక మాట. పట్టాల మీద పడ్డ మలాన్ని దశాబ్దాల పాటు ఎత్తిపోసింది మన చేతులు. ఈ రైల్వే ఎవరి సొమ్మో చెప్పాలంటే అక్కడినుంచి మొదలుపెట్టాలి.

ఇంక చదువుకున్న పిల్లల సంగతి. రైల్వే ఉద్యోగాల పరీక్షకు పోయే ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు స్లీపరులో ఉచిత ప్రయాణ పాసు ఉంది. ఇది హక్కు. కానీ పరీక్ష ఏ ఊళ్ళోనో చెప్పేది సుమారు పది రోజుల ముందు. టికెట్లు తెరిచేది అరవై రోజుల ముందు. శ్రీకాకుళం పిల్లవాడికి ఏ రాష్ట్రంలోనో సెంటరు పడితే, పాసు చేతిలో ఉంటుంది, బెర్తు ఉండదు. రాత్రంతా లెట్రిన్ దగ్గర నిలబడి పోయి పొద్దున్నే పరీక్ష రాసినవాడూ, ముందు రోజే పోయి లాడ్జిలో నిద్రపోయి లేచి వచ్చినవాడూ ఒకే ప్రశ్నపత్రం రాస్తారు. తర్వాత 'ప్రతిభ' గురించి ఉపన్యాసాలు ఇస్తారు. ప్రతిభను కొలిచేవాళ్ళు ముందు ఆ పిల్లవాడు ఎన్ని గంటలు నిద్రపోయాడో కొలవాలి.

జనరల్ పెట్టెలో చోటే కాదు, పేరు కూడా ఉండదు. 2023 జూన్ 2న బాలాసోర్ దగ్గర బహనగా బజార్‌లో కోరమండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదంలో 290 మందికి పైగా చనిపోయారు. రిజర్వేషను చేసుకున్నవాళ్ళకు జాబితా ఉంది. జనరల్‌లో పోయేవాళ్ళకు ఏ జాబితా లేదు. పొట్టకూటికి దక్షిణాదికి వస్తున్నవాళ్ళు, తిరిగిపోతున్నవాళ్ళు వాళ్ళు. చివరికి ఎవరూ గుర్తు పట్టని 28 శవాలను నాలుగు నెలల తర్వాత, అక్టోబరులో, భువనేశ్వర్‌లో దహనం చేశారు. ఆన్‌లైన్ టికెట్టు కొన్నవాళ్ళు అర్ధ రూపాయి కూడా కాని ప్రీమియంతో పది లక్షల బీమా తీసుకోవచ్చు. కౌంటరు టికెట్టుకు, జనరల్ టికెట్టుకు ఆ బీమా లేదు. అర్ధ రూపాయి కట్టలేక కాదు, కట్టనివ్వక.

తిట్టుకుంటూ కూర్చుంటే బండి ఆగదు. మనం చేసుకోగలిగింది మనం చేసుకోవాలి. 2025 దసరా దెబ్బ తర్వాత మేము తెలుసుకున్నవి ఇక్కడ పెడుతున్నాం. వాడలో నలుగురు కూర్చున్నప్పుడు ఎవరైనా చదివి వినిపించండి.

ఒకటి. తేదీని వెనక్కి లెక్కపెట్టండి. డిసెంబరు 6కు చైత్యభూమి పోవాలని డిసెంబరు 4న బండి ఎక్కేవాళ్ళకు టికెట్లు అక్టోబరు 5 పొద్దున 8 గంటలకు తెరుస్తారు. అక్టోబరు 14కు దీక్షాభూమిలో ఉండాలని 12న ఎక్కేవాళ్ళకు ఆగస్టు 13న తెరుస్తారు. దసరాకైతే పంచాంగం మనకెందుకు, గోడ మీది క్యాలెండరు చాలు. అరవై రోజులు వెనక్కి పోండి.

రెండు. అరవై రోజుల ముందు కూలివాడి దగ్గర డబ్బుండదు. అందుకని ఏడాది పొడవునా వాడలో ప్రయాణం చిట్టీ వేయండి. వారానికి ఇరవై రూపాయలైతే ఏడాదికి వెయ్యి దాటుతుంది. పెళ్ళికి చిట్టీ వేస్తాం, బోనాలకు వేస్తాం, దీక్షాభూమికి ఎందుకు వేయం? రాసేదీ దాచేదీ ఆడవాళ్ళ చేతిలో పెట్టండి.

మూడు. ఒక టికెట్టు మీద ఆరుగురి దాకా రాయొచ్చు. ఆన్‌లైన్లో తీసే వసతి రుసుం మనిషికి కాదు, టికెట్టుకు. స్లీపరుకు 15 రూపాయలు, యూపీఐతో కడితే 10, పైన జీఎస్టీ. ఆరుగురు కలిస్తే తలా రెండు మూడు రూపాయలే. కౌంటరులో ఆ రుసుమే లేదు. దళారికి మనిషికి వందా రెండు వందలూ పెట్టొద్దు.

నాలుగు. దూరం పెరిగే కొద్దీ కిలోమీటరుకు ఛార్జీ తగ్గుతుంది. కాబట్టి ఒకే దూరానికి రెండు ముక్కలుగా టికెట్టు కొంటే నష్టం. సూపర్‌ఫాస్టు బండికి రెండో తరగతిలో 15, స్లీపరులో 30 రూపాయలు అదనం. తొందర లేకపోతే మామూలు ఎక్స్‌ప్రెస్ చూడండి. పగటి బండిలో ఆరేడు గంటలే అయితే స్లీపరు కాకుండా కూర్చునే రెండో తరగతి రిజర్వేషను దొరుకుతుందేమో ముందు అడగండి. అన్నిటికంటే తక్కువకు ఖాయమైన సీటు అదే.

ఐదు. మధ్య స్టేషన్లకు బెర్తుల కోటా తక్కువ. బండి బయలుదేరే స్టేషను నుంచి ఎక్కువ. పెద్దపల్లి నుంచి వెయిటింగు వస్తుంటే, బండి మొదలయ్యే చోటు నుంచి టికెట్టు చూసి, ఎక్కే స్టేషను పెద్దపల్లి అని ముందే రాయించుకోండి. కొంత ఛార్జీ ఎక్కువైనా తత్కాల్ కంటే మేలు అవుతుందేమో లెక్క వేసుకోండి.

ఆరు. కౌంటరులో కొన్న వెయిటింగు టికెట్టు ఖాయం కాకపోతే, బండి కదలడానికి అరగంట ముందే రద్దు చేయించండి. మనిషికి 60 రూపాయలు కోత పెట్టి మిగతాది ఇస్తారు. మేము చేసిన తప్పు మీరు చేయొద్దు.

ఏడు. విద్యార్థులకు: ఇంటికి పోయి రావడానికి, విద్యాయాత్రలకు రెండో తరగతిలోను, స్లీపరులోను ఎస్సీ, ఎస్టీలకు 75 శాతం, ఇతరులకు 50 శాతం రాయితీ ఉంది. 2020లో చాలా రాయితీలు ఆపినప్పుడు కూడా విద్యార్థులది ఆపలేదు. కాలేజీ పెద్ద సంతకం చేసిన రాయితీ ఫారం కౌంటరులో ఇవ్వాలి. ఆ ఫారం గురించి హాస్టళ్ళలో ఎంతమందికి తెలుసు? తోటి ఉపాధ్యాయులకు మా విన్నపం. అది పిల్లలు వచ్చి అడిగే దాకా ఆగొద్దు. మీరే తెప్పించి పెట్టండి. బల్ల సొరుగులో పడి ఉన్న ఫారం కూడా ఒక రకం అంటరానితనమే.

ఎనిమిది. జనరల్ అయినా సరే టికెట్టు కొనండి. ప్రమాదంలో పోయినవాళ్ళ కుటుంబానికి రైల్వే ట్రిబ్యునల్ పరిహారం ఇవ్వాలంటే టికెట్టు ఉన్న ప్రయాణికుడని చూస్తారు. టికెట్టు దొరకనంత మాత్రాన పరిహారం కాదనరాదని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా మన కుటుంబాలను కోర్టుల చుట్టూ ఎందుకు తిప్పాలి? ఎవరెవరు ఏ బండి ఎక్కారో, వాళ్ళ ఇంటి ఫోను నంబర్లతో ఒక కాగితం వాడలో ఉంచి బయలుదేరండి. రైల్వే దగ్గర మన జాబితా లేకపోతే మన దగ్గరన్నా ఉండాలి.

ఈ మాట మీద ఇంకొకటి. డిసెంబరు 6న దాదర్ పోయే జనమంతా టికెట్టు లేకుండా ఎక్కేస్తారని అగ్రకులాల ఇళ్ళల్లో ఏటా ఎకసెక్కాలు ఆడతారు. టికెట్టు కొనమని మేము చెప్తున్నది ఆ ఎకసెక్కాలకు భయపడి కాదు. రెండింతలు కట్టి, బండి తామే తోలుకుపోయిన పిల్లల వారసులం మనం. ఎవరి సొమ్మూ ఉత్తగా తినలేదు, తినం. కానీ ఆ ఎకసెక్కాలు ఆడేవాళ్ళు ఒక్కదానికి జవాబు చెప్పాలి. 2025 కుంభమేళాకు వేల రైళ్ళు నడిపారు. పుష్కరాలు వస్తే స్టేషన్లకు రంగులు వేస్తారు. స్నానానికి పోయే జనానికి అన్ని బండ్లు దొరికినప్పుడు, సమానత్వం కోసం పోయే జనానికి ఎందుకు దొరకవు? మధ్య రైల్వే డిసెంబరు 6కు రిజర్వేషను లేని ప్రత్యేక రైళ్ళు నడుపుతున్నది. ఏటా ఆగకుండా కదిలే లక్షల జనమే ఆ బండ్లకు కారణం. తెలుగు నేల నుంచి కూడా ఆ కదలిక అంత గట్టిగా ఉండాలి.

కాబట్టి మేము అడుగుతున్నవి ఇవి. దీక్షాభూమికి, చైత్యభూమికి రెండు తెలుగు రాష్ట్రాల నుంచీ అదనపు ఛార్జీ లేని, రిజర్వేషను లేని బండ్లు నడపాలి. దూరపు బండి ప్రతిదానికీ చాలినన్ని జనరల్, స్లీపరు పెట్టెలుండాలి. ఏసీ పెట్టె తగిలించడానికి వాటిని తీయరాదు. వృద్ధుల రాయితీ తిరిగి ఇవ్వాలి. సీటు ఇవ్వలేనివాళ్ళు వెయిటింగు టికెట్టు మీద కోత పెట్టడం మానాలి. పరీక్ష ఊరు టికెట్లు తెరవక ముందే చెప్పాలి, లేదా పరీక్షకు పోయేవాళ్ళకు బెర్తులు విడిగా ఉంచాలి. జనరల్ టికెట్టుకూ బీమా ఉండాలి. కౌంటర్లు మూయరాదు. వీటిలో ఏ ఒక్కటీ గొంతెమ్మ కోరిక కాదు. ఇందులో కొన్ని నిన్నటిదాకా ఉన్నవే.

వచ్చే పక్షం లోపల ఒక్కో వాడ నుంచి ఒక్కో విన్నపం రాయండి. ఎంతమంది పోతారు, ఏ స్టేషనులో ఎక్కుతారు, ఏ తేదీన అన్నది రాసి, వేలిముద్రలతో సహా స్టేషను మాస్టరుకు ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. నకలు మీ పార్లమెంటు సభ్యుడికి, ఇంకో నకలు మాకు పంపండి. అన్నీ కలిపి రైల్వే పెద్దల దగ్గరికి మేము తీసుకుపోతాం. ఇంతమంది ప్రయాణికులున్నారని కాగితం మీద కనబడకపోతే వాళ్ళు లేరనే చెప్తారు. లేరనిపించుకోవడం మనకు కొత్త కాదు, కానీ ఇక చాలు.

మసూరులో ఆ పిల్లలు రెండింతలు కట్టి, దాహంతో, చీకట్లో ప్రయాణం చేశారు. ఆ పిల్లల్లో ఒకరు పెద్దయ్యాక 1956 అక్టోబరు 14న నాగపూరులో లక్షల మందిని కూడగట్టారు. ఆయన దగ్గరికి పోయే దారిలో మనం ఇంకా రెండింతలు కడుతూ పోతే ఆయనకు మొక్కినట్టు కాదు. వచ్చే దసరాకు అదే అవ్వను మళ్ళీ తీసుకుపోవాలనుకుంటున్నాం. కిటికీ పక్కన, కింది బెర్తు మీద, ఒక్క కిరాయికే. టికెట్లు తెరిచే రోజు వాడలో గోడ మీద ఇప్పటికే రాసిపెట్టాం.

జై భీమ్!